గడ్డినేలలో తవ్విన గుంతలు



నేను అడవిశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అడవుల సంరక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమని ఆకాశవాణి వాళ్లు అడిగారు. అడవి మనిషి మైకు ముందుకొచ్చాడంటే పులి కథ చెబుతాడని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. పులి వస్తుంది. కాస్త ఆలస్యంగా వస్తుంది. ముందు గుంతల కథ వినండి.

ఉద్యోగంలో చేరిన కొత్త రోజులు. రాయలసీమలో ఒక పెద్ద బీడు. కనుచూపుమేర బోదగడ్డి తప్ప ఒక్క చెట్టు లేదు. కాగితాల్లో దాన్ని పాడుబడ్డ అడవి అని రాసుకున్నారు. మొక్కలు నాటి పచ్చగా చేయమని నాకు పని అప్పగించారు. ఉత్సాహం ఉన్న వయసు. కూలీల్ని పెట్టి గుంతలు తవ్వించడం మొదలుపెట్టాను. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. వరసగా, తాడు పట్టి కొలిచి. చూస్తుంటే నాకే ముచ్చటేసేది.

మూడో రోజున ఒక ముసలాయన గొర్రెల్ని తోలుకుంటూ వచ్చాడు. కర్రమీద గడ్డం ఆనించి కాసేపు చూశాడు.

"ఏంది సామీ ఈ గుంతలు?"

"చెట్లు నాటుతున్నాం పెద్దాయనా."

"ఈడ చెట్టు బతికేదుంటే మా తాతల కాలంలోనే మొలిసుండేది గదా సామీ. ఇది గడ్డినేల. దీని తీరు ఇది."

నవ్వి ఊరుకున్నాను. నేను చదువుకున్న చోట చెట్లు నాటడం నేర్పారు. ఏ మొక్కకి ఎంత దూరం ఉండాలో, ఎప్పుడు నీళ్లు పెట్టాలో, అన్నీ నేర్పారు. గడ్డి గురించి ఒక్క పాఠం చెప్పలేదు. చెట్లు లేని చోటు అంటే లోటున్న చోటు అని నా మెదడులో ఉండిపోయింది. గ్లిరిసీడియా నాటాం. తుమ్మ నాటాం. సగం చచ్చిపోయాయి, సగం బతికాయి.

బతికిన సగమే కొంప ముంచింది. అంతవరకూ ఆ నేలమీద భరతపక్షులు గూళ్లు పెట్టుకునేవి. కౌజులు పిల్లల్ని తిప్పుకునేవి. చెట్లు ఎదిగాక కొమ్మల మీద కాకులు వాలాయి, డేగలు వాలాయి. పైన కూర్చుని చూసేవాడికి కింద దాక్కున్న గూడు కనిపించదూ? మూడు నాలుగేళ్లకి ఆ పిట్టల పాట వినబడటం మానేసింది. కాపలా కాసింది నేనే. కొల్లగొట్టింది కూడా నేనే. నేను చేసిన పనికి మెచ్చుకోలు కాగితం కూడా ఇచ్చారు. ఇప్పటికీ ఇంట్లో ఎక్కడో ఉంది.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. అడవి మీద ఇష్టం ఉండటం ఒకటి. అడవిని చూసుకోవడం తెలిసి ఉండటం ఇంకొకటి. వైద్యుడికి రోగి మీద ఎంత దయ ఉన్నా, నాడి చూడటం రాకపోతే ఏం లాభం? అడవిని, గడ్డినేలని, మడని, చెరువుని చూసుకోవడం కూడా ఒక పనితనం. కుమ్మరికి చక్రం లాగా, వడ్రంగికి బాడిస లాగా, నేర్చుకుంటేనే చేతికి వస్తుంది.

ఇది నా ఒక్కడి తప్పైతే మీ ముందు చెప్పుకోవాల్సిన పని లేదు. ఇప్పటి నంద్యాల జిల్లాలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట పేరు విన్నారా? మీటరు ఎత్తు ఉంటుంది. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. అంత బరువున్నా ఎగురుతుంది. నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ ఒక్క గుడ్డే. శత్రువుని దూరం నుంచే చూసి తప్పుకోవాలి కాబట్టి దానికి నాలుగు వైపులా ఖాళీగా కనిపించే గడ్డినేల కావాలి. 1980ల్లో రోళ్లపాడు బీళ్లలో ఈ పిట్టలు ఉన్నాయని తెలిసి పక్షిశాస్త్రజ్ఞులు పరుగెత్తుకొచ్చారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి అక్కడ మకాం వేసి చూశారు. 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. వైశాల్యం ఎంతో కాదు, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

పశువుల్ని కొంతమేర లోపలికి రానివ్వకుండా ఆపారు. గడ్డి పెరిగింది. మంచిదే కదా అనుకుంటాం. గడ్డి పెరిగేసరికి కృష్ణజింకలు పెరిగాయి. అదీ మంచిదే అనుకుంటాం. పెరిగిన జింకలు రాత్రిళ్లు చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతుకి కోపం రాదా? పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం ఊరివాళ్లకి శత్రువైంది. ఈలోగా చుట్టూ కాలువ నీళ్లొచ్చాయి. కొర్ర, జొన్న వేసే మెట్టచేలు మాగాణి అయ్యాయి. పిట్ట ఆ ఆరు చదరపు కిలోమీటర్లలో మాత్రమే బతికేది కాదండీ. చుట్టూ ఉన్న మెట్టచేలలో మిడతలు ఏరుకు తినేది. చేను మారితే పిట్టకి ఇల్లు మారినట్టే. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనబడక ఏళ్లు గడిచాయి. దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగేవి నూటయాభై దాకా మాత్రమే. వాటిలో చాలా భాగం రాజస్థాన్ ఎడారిలో ఉన్నాయి.

రోళ్లపాడులో ఎవరి మీదా నిందవెయ్యను. అక్కడ పనిచేసినవాళ్లు మనసుపెట్టి పనిచేశారు. గీత గీసి, గీతలోపల ఎవర్నీ రానివ్వకపోతే సరిపోతుందని అప్పట్లో మేమంతా నమ్మాం. నేల మాత్రం మా గీతని లెక్కచేయలేదు.

సరే, ఓడిపోయిన కథలే చెబుతున్నాననుకోకండి. గెలిచిన కథ ఒకటి ఉంది. అది ఉప్పునీళ్లలో జరిగింది.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి మీలో చాలామంది చూసే ఉంటారు. చెక్కల వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన ఊపిరివేళ్లు. పిల్లలు వాటిని చూసి మొలకలనుకుంటారు. చెట్టు గాలి పీల్చుకోవడానికి బురదలోంచి పైకి తీసిన ముక్కులవి.

అటువంటి మడ అడవుల్లో అక్కడక్కడా బోడి నేలలు ఉండేవి. చెట్టు లేదు, చేమ లేదు. ఎండాకాలంలో తెల్లగా ఉప్పు పేరి ఉండేది. మొక్క నాటితే చచ్చిపోయేది. మళ్లీ నాటితే మళ్లీ చచ్చిపోయేది. ఎందుకు? అప్పుడు అందరి నోటా వచ్చిన జవాబు ఒకటే. ఊళ్లవాళ్లు కట్టెలు కొట్టుకుపోయారు, వాళ్ల పశువులు మేసేశాయి. చాలా తేలికైన జవాబు. తప్పు ఎదుటివాడిదైతే మనం కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

తమిళనాడులో పిచ్చావరం అని ఇంకొక మడ అడవి ఉంది. ఎం.ఎస్. స్వామినాథన్ పేరున ఉన్న పరిశోధన సంస్థవాళ్లు అక్కడ ఈ బోడి నేలల్ని పట్టుకుని కూర్చున్నారు. నేల ఎత్తుపల్లాలు కొలిచారు. నీళ్లలో ఉప్పు కొలిచారు. పాత రికార్డులు తిరగేశారు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ తప్పులో పెద్ద వాటా అడవిశాఖదే. ఒకప్పుడు అడవిని కూపులనే ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క కూపులో చెట్లన్నీ ఒకేసారి నరికేవాళ్లు. నరికిన చోట నీడ పోయింది. ఎండ నేరుగా బురదమీద పడింది. బురద ఎండి కుంగింది. చుట్టూ గట్టుగా ఉండి, మధ్యలో పళ్లెంలా అయింది.

ఇది బాగా అర్థం కావాలంటే మీ ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక పళ్లెం తీసుకోండి. అందులో కాసిని ఉప్పునీళ్లు పోసి డాబా మీద ఎండలో పెట్టండి. సాయంత్రానికి నీళ్లుండవు, అడుగున ఉప్పు ఉంటుంది. మర్నాడు మళ్లీ కాసిని ఉప్పునీళ్లు పోయండి. మళ్లీ అదే. వారం తిరిగేసరికి ఆ పళ్లెంలో ఎంత ఉప్పు? బోడి నేలలో జరిగింది అదే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు లోపలికి వచ్చేవి. పాటు సమయంలో బయటికి పోవడానికి దారి లేక అక్కడే నిలిచిపోయేవి. ఎండకి ఆవిరయ్యేవి. ఉప్పు మాత్రం ఉండిపోయేది. మడ మొక్క ఉప్పుని తట్టుకుంటుంది కానీ దానికీ ఒక హద్దుంది.

రోగం తెలిశాక మందు ఎంత సులువో చూడండి. కాలువలు తవ్వారు. పక్కనున్న ఏటిపాయ నుంచి ఒక పెద్దకాలువ. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుంచి చూస్తే చేపముల్లు లాగా ఉంటుంది. రోజుకి రెండుసార్లు పోటొచ్చినప్పుడు నీళ్లు ఆ కాలువల్లోకి వస్తాయి, రెండుసార్లు పాటులో వెనక్కి పోతాయి. పోతూ పోతూ ఉప్పుని కడుక్కుపోతాయి. నేల మెత్తబడింది, ఉప్పు తగ్గింది, మొక్క నిలబడింది. గోదావరి దగ్గరా, కృష్ణ దగ్గరా మన మడ అడవుల్లోకి కూడా ఆ పద్ధతి వచ్చింది. ఒకప్పుడు తెల్లగా ఉప్పు మెరిసిన చోట ఇప్పుడు పడవ దూరలేనంత గుబురు.

ఇందులో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటి చెప్తాను. మొక్కని ఎక్కడ నాటాలి? కాలువ అడుగున నాటితే మునిగిపోతుంది. గట్టు మీద నాటితే నీళ్లందవు. కాలువ వాలు మీద, పోటునీళ్లు తాకిపోయే చోట నాటాలి. అది జానెడు జాగా. ఆ జానెడు ఎక్కడో పుస్తకం చూసి చెప్పలేం. ఏకాదశినాడు నీళ్లు ఎంతవరకూ వస్తాయి, అమావాస్యకి ఎంతవరకూ వస్తాయి అన్నది అక్కడ వల వేసేవాళ్లకి తెలుసు. సంఘాలు కట్టి కాలువలు తవ్విందీ వాళ్లే. శాస్త్రజ్ఞుడు ఉప్పు కొలిచాడు, జాలరి నీళ్ల మట్టం చెప్పాడు. ఇద్దర్లో ఏ ఒక్కరు లేకపోయినా ఆ మొక్క బతికేది కాదు. ఏటా ఆ కాలువల్లో పూడిక తీయాలి, అది వేరే సంగతి. తీయకపోతే మళ్లీ పళ్లెమే.

శ్రోతలారా, మరొక్కసారి చెప్తాను. గడ్డినేలలో నేను అడగలేదు. మడలో వాళ్లు అడిగారు. ఇక్కడ ఏం లోపించింది, ఎందుకు లోపించింది అని నేలనే అడిగారు. మొక్క నాటడం ఆ తర్వాత.

అడగడం అంటే ఎలా? దానికి కడప జిల్లా వెళ్దాం. కలివికోడి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి పరిచయం చేసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో లంకమల కొండల దిగువన, రెడ్డిపల్లె దగ్గర, పిట్టలు పట్టే ఒక ఊరి మనిషి రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మనుషులు అంతకు ముందు నుంచే బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరుగుతూ, ఈ పిట్టని చూశారా అని అడుగుతున్నారు. చూశామన్నది పల్లెటూరి వేటగాడే.

సరే, ఉందని తెలిసింది. ఎన్ని ఉన్నాయి? ఎక్కడెక్కడ ఉన్నాయి? రాత్రి తిరిగే పిట్ట. పొదలమధ్య నడిచే పిట్ట. మనిషి అలికిడి అయితే బిగుసుకుపోయి నేలలో కలిసిపోయే రంగు. లైటు వేసుకుని రాత్రంతా తిరిగినా కనబడేది కాదు. అప్పుడు జెగన్నాథన్ అనే తమిళ పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఒక ఉపాయం చేశారు. ఖరీదైన యంత్రం కాదండీ. జల్లెడ పట్టిన మట్టి.

పొదకీ పొదకీ మధ్య పిట్ట నడిచే సందు చూస్తారు. ఆ సందులో రాళ్లు ఏరేసి, సన్నటి మట్టిని ఒక పట్టీలాగా పరుస్తారు. సుమారు అయిదు మీటర్ల పొడవు. మన ఇంటి ముందు కళ్లాపి చల్లి ముగ్గుకి చదును చేసినట్టు, అరచేత్తో సాపు చేస్తారు. సాయంత్రం పరుస్తారు, పొద్దున్నే వచ్చి చూస్తారు. ఆ మట్టిమీద రాత్రి జరిగిందంతా రాసి ఉంటుంది. ఇక్కడ కుందేలు పోయింది. ఇక్కడ పాము అడ్డంగా పాకింది. ఇక్కడ తీతువు జాతి పిట్ట నడిచింది. ఇదిగో, ఇక్కడ మూడు వేళ్లు, పొట్టి వేళ్లు, కలివికోడి.

ఆ తేడా పట్టడం ఒక్కరోజులో రాదు. ఒక అడుగుని కొలిచి, బొమ్మ గీసి, వేరే పిట్టల అడుగులతో పోల్చి, కన్ను అలవాటు చేసుకోవాలి. ఊళ్లో కుర్రాళ్లే ఈ పనిలో దిట్టలయ్యారు. గొర్రెలు కాసిన కన్నుకి అడుగుజాడలు కొత్తేమీ కాదు కదా. ఇంకా ఒక చిత్రం బయటపడింది. ఈ పిట్టకి బాగా దట్టమైన పొదలు నచ్చవు, బొత్తిగా బోడినేలా నచ్చదు. మధ్య మధ్య ఖాళీ ఉన్న పొదలు కావాలి. అంటే మేకలు అతిగా మేసినా కష్టమే, మేత మొత్తానికి ఆపేసినా కష్టమే. రోళ్లపాడు గుర్తుకొచ్చిందా? నాకైతే గుర్తుకొచ్చింది. ఆ జల్లెడ మట్టే లేకపోతే తెలుగుగంగ కాలువ ఆ పిట్ట ఇంటిమీదుగా పోయేది. అడుగులు చూపించగలిగారు కాబట్టి కాలువ దారి మార్చారు.

ఇక పులి. ఆలస్యంగా వస్తుందని చెప్పాను కదా.

దేశంలో పులుల పథకం 1973లో మొదలైంది. మన నల్లమల, నాగార్జునసాగర్ శ్రీశైలం పేరుతో, 1983లో అందులో చేరింది. నా కొత్తల్లో పులుల్ని ఎలా లెక్కపెట్టేవాళ్లమో చెప్పనా? అడుగుజాడలతో. పులి పాదం పడిన చోట గాజుపలక పెట్టి, పైనుంచి గీత గీసుకునేవాళ్లం. తడి ఇసుకలో పడిన అడుగు ఒకలా ఉంటుంది, పొడి దుమ్ములో పడిన అదే పులి అడుగు ఇంకొకలా ఉంటుంది. గీసేవాడి చెయ్యి వణికితే మరొక పులి పుట్టేది. కాగితం మీద పులులు పెరుగుతూ పోయాయి. చివరికి 2005 వచ్చేసరికి రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులున్నాయి, అడవిలో ఒక్కటీ లేదు. దేశమంతా ఉలిక్కిపడింది. అందరం మళ్లీ ఓనమాలు దిద్దాల్సి వచ్చింది.

ఇప్పుడు కెమెరాలు కడతారు. ఇందులోనూ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కెమెరా ఒకటి కడితే చాలదు, దారికి అటూ ఇటూ రెండు కట్టాలి. పులికి ఎడమవైపు చారలు వేరు, కుడివైపు చారలు వేరు. మన వేలిముద్రల్లాగా ఒకదాని చారలు ఇంకొకదానికి రావు. మోకాలి ఎత్తున కట్టాలి. ముందున్న గడ్డి కోసెయ్యాలి. లేకపోతే గాలికి గడ్డి ఊగినప్పుడల్లా ఫోటో తీస్తుంది. నెల తర్వాత వచ్చి చూస్తే వేల ఫోటోలు, అన్నీ గడ్డిపోచలే. మా వాళ్లకి ఒకసారి అదే అయింది.

కట్టిన కెమెరా సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు పులి కావాలి. నల్లమలలో శిక్షణ అప్పుడు మా బృందంలో ఒక చెంచు వాచర్ ఉండేవాడు. మాటలు తక్కువ. కుర్ర ఆఫీసర్లందరూ చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటే, అతను చొక్కా విప్పి, చేతులూ మోకాళ్లూ నేలమీద ఆనించి, రెండు కెమెరాల మధ్యనుంచి నడిచాడు. ఊరికే పాకడం కాదు. భుజాలు ఒకదాని తర్వాత ఒకటి లేపుతూ, తల దించి, నెమ్మదిగా. నవ్వుదామని నోరు తెరిచినవాళ్లం తెరిచినట్టే ఉండిపోయాం. అతను లేచి మోకాళ్లు దులుపుకుని, "ఈడ గాదు సార్. అది ఈ దావన రాదు. ఆ బండ పక్కనుంచి దిగుతాది" అన్నాడు. కెమెరాలు విప్పి బండ పక్కన కట్టాం. ఆ బండ పక్కనే పులి ఫోటో పడింది.

అగ్గి సంగతి కూడా ఇలాంటిదే. ఇప్పుడు అడవిలో మంట పుడితే ఉపగ్రహం చూస్తుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే సంస్థ నుంచి బీట్ ఆఫీసర్ ఫోనుకి కబురు వస్తుంది. అద్భుతమే. కానీ ఆ కబురులో ఉండేది అక్షాంశం, రేఖాంశం. ఆ లోయలోకి ఏ దారిన దిగాలి, గాలి మధ్యాహ్నం ఎటు తిరుగుతుంది, ఫైర్ లైన్ ఎక్కడ గీస్తే మంట ఆగుతుంది అన్నది ఫోను చెప్పదు. ఆ మంట ఎందుకు పుట్టిందో అసలే చెప్పదు. ఇప్పపూలు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు, పూలు కనబడాలని. దాన్నుంచి అంటుకున్న మంటకి కేసు రాయడం ఒక పద్ధతి. చెట్టు కింద ఆకులు ఊడ్చుకోవడానికి ముందే మనిషిని తోడివ్వడం ఇంకొక పద్ధతి. రెండోదే మంటలు తగ్గించడం నేను చూశాను.

మరి ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది? మన దేశంలో అడవి చదువుకి పెద్ద బడి డెహ్రాడూన్. 1878లోనే అక్కడ ఫారెస్ట్ స్కూలు పెట్టారు. అప్పట్లో చదువంతా కలప గురించే. వన్యప్రాణుల సంస్థ 1982లో వచ్చింది. అక్కడ ఆఫీసర్లకి పది నెలల కోర్సు ఉంది, రేంజర్లకి మూడు నెలల కోర్సు ఉంది. మనకి దగ్గర్లో చూస్తే, రాజమహేంద్రవరం పక్కన దివాన్‌చెరువులో ఆంధ్రప్రదేశ్ అకాడమీ, హైదరాబాదు శివార్లలో దూలపల్లిలో తెలంగాణ అకాడమీ. ఇవి ఉద్యోగంలో చేరినవాళ్లకి. ఇంటర్ చదివిన పిల్లలు అడవి చదువు చదవాలంటే సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్రీ కాలేజీ ఉంది, 2016లో మొదలైంది. ఇంట్లో పిల్లలెవరికైనా ఆసక్తి ఉంటే, డాక్టరు, ఇంజనీరు అని వెనక్కి లాగకుండా ఒకసారి అటు చూడనివ్వండి.

బడులున్నాయి. పాఠాలు కూడా మా రోజులకన్నా చాలా మెరుగయ్యాయి. నా గోడు వేరు. ఒక బీట్ ఆఫీసర్ అయిదేళ్లు ఒకే అడవిలో తిరుగుతాడు. ఏ చెలమలో ఏ నెలదాకా నీళ్లుంటాయో, ఎలుగు ఏ గుహలో పిల్లల్ని పెడుతుందో, ఏ వాగు దాటితే ఎవరు కలప కొడతారో అన్నీ వాడికి తెలుస్తాయి. ఒకరోజు బదిలీ కాగితం వస్తుంది. కొత్తవాడికి తాళంచెవులు ఇస్తాడు, టార్చిలైటు ఇస్తాడు, రిజిస్టర్లు లెక్కపెట్టి సంతకం తీసుకుంటాడు. బుర్రలో ఉన్నది మాత్రం తనతోనే పట్టుకుపోతాడు. కొత్తవాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పదేళ్లకొకసారి వర్కింగ్ ప్లాన్ అని పెద్ద గ్రంథం రాస్తాం. అందులో చెట్ల చుట్టుకొలతలుంటాయి. చెలమ ఎండే నెల ఉండదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో నాకంటే ముందు ముప్ఫై ఏళ్ల కిందట ఒకాయన రాసుకున్న డైరీలు బీరువా అడుగున చెదలు పట్టి దొరికాయి. అట్ట తెరిస్తే పొడి రాలింది. మధ్యలో మిగిలిన నాలుగు పేజీల్లో ఒకచోట, ఆ గడ్డినేలలో భరతపక్షులు ఎన్నెన్ని ఉన్నాయో రాసి ఉంది. నేను గుంతలు తవ్విన గడ్డినేలే అది. ఆ బీరువా నా కుర్చీ వెనకే ఉండేది.

ఇదంతా మాకెందుకు, మేము అడవిశాఖవాళ్లం కాదుగా అని మీరు అనుకోవచ్చు. మీ ఊరికి చెరువుంది కదా. గుట్ట ఉంది కదా. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊరికీ ఒక కమిటీ ఉండాలి. ఆ ఊళ్లో ఉన్న చెట్టూ చేమా, పిట్టా పురుగూ, విత్తనాలూ వైద్యాలూ, అన్నీ ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి. చాలా ఊళ్లలో రిజిస్టరు తయారైంది. ఒకసారి పంచాయతీ ఆఫీసుకి వెళ్లి అడిగి చూడండి. తెరిచి చూస్తే మీ ఊరి చెరువు పేరు సరిగ్గా ఉందో లేదో కూడా తెలుస్తుంది. మీ అమ్మమ్మకి తెలిసిన ఆకుకూరలు అందులో సగమైనా ఉన్నాయా చూడండి. లేకపోతే చెప్పి రాయించండి.

అదీ కాకపోతే ఇంకా తేలిక పని. ప్రతి జనవరిలో చాలా ఆసియా దేశాల్లో నీటిపక్షుల్ని లెక్కపెడతారు. చెరువుగట్టున నిలబడి లెక్కపెట్టడానికి ఉద్యోగం అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. మొదటి ఏడాది మీకు అన్నీ కొంగల్లాగే కనిపిస్తాయి. రెండో ఏడాదికి నారాయణపక్షి వేరు, నత్తగుల్లకొంగ వేరు అని తెలుస్తుంది. మూడో ఏడాది మీరే ఇంకొకరికి చూపిస్తారు. సలీం అలీ రాసిన పక్షుల పుస్తకం 1941 నుంచి ఇలాంటి పనికే వాడుతున్నారు. ఇప్పుడైతే ఫోన్లోనే అన్ని బొమ్మలూ దొరుకుతున్నాయి.

కొన్నాళ్ల కిందట ఆ గడ్డినేల వైపు వెళ్లాను. నేను నాటించిన తుమ్మల్లో చాలా భాగం ఊరివాళ్లు కొట్టుకుపోయారు. జీవితంలో మొదటిసారి, చెట్లు కొట్టినందుకు ఎవరిమీదా నాకు కోపం రాలేదు. గుంతలు మాత్రం ఇంకా ఉన్నాయి, సగం పూడి, వరసగా. తాడు పట్టి కొలిచిన వరస కదా, అంత త్వరగా చెరిగిపోదు. ఒక గుంత అంచున కూర్చుని అరగంట చెవులు రిక్కించాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో చాలా పైన ఒక భరతపక్షి ఎగురుతూ పాడింది. ఒక్కటే. జేబులోంచి పుస్తకం తీసి తేదీ, టైము, ఒకటి అని రాసుకున్నాను.

అన్నట్టు, మీరు చెరువుగట్టుకి వెళ్లేటప్పుడు పెన్సిలు పట్టుకెళ్లండి. పెన్ను వద్దు. నా మొదటి రెండేళ్ల నోటుపుస్తకాలన్నీ ఒక వానలో నీలంగా కారిపోయాయి.